మైదానము ఎవరి సొత్తు? స్కాట్లండు ఫుట్‌బాల్ సంఘాధ్యక్షులకు బహిరంగలేఖ

మహాశయా,

గ్లాస్గో నగరపు దక్షిణభాగమున, హాంప్‌డెన్ మైదానమునందలి తమ కార్యాలయమునుండి వెలువడి కాలినడకను కొంతదూరము పోయినచో, క్రాస్‌హిల్ అను పేటలో, ఇండ్లవరుసల నడుమ, వృక్షములు క్రమ్ముకొన్న యొక మైదానము కానవచ్చును. మూడువైపుల నాచుపట్టిన కాంక్రీటు మెట్లు, ఆ మెట్లపై జనము ఆనుకొని నిలుచుటకై నాటిన ఇనుపకమ్మీలు, మెట్ల సందులలో మొలచి నేడు మ్రాకులైన చెట్లు, నడుమ పచ్చికబయలు: ఇదియే క్యాత్‌కిన్ పార్కు. నేడది పురపాలకసంఘమువారి యుద్యానవనము. కుక్కలను త్రిప్పుకొనువారును, బంతితో ఆడుకొను పిల్లలును తప్ప అచటికి వచ్చువారు అరుదు. 1967 వఱకు అది థర్డ్ లానార్క్ అను క్లబ్బునకు ఇల్లు. ఆ క్లబ్బు తమ సంఘమును స్థాపించిన క్లబ్బులలో నొకటి. ఈ చివరి రెండు వాక్యములను ప్రక్కప్రక్కన నిలిపి చదువుకొనుడని ప్రార్థించుటకే ఈ లేఖ వ్రాయుచున్నాను.

నేను హైదరాబాదున పుట్టి పెరిగి, ఉద్యోగనిమిత్తము తమ నగరమునకు వచ్చి కుదురుకొన్న తెలుగువాడను. పరదేశమునుండి వచ్చినవానికి ఈ ప్రసంగ మేల యని తమరు గాని, తెలుగువానికి స్కాట్లండు బంతియాటతో పని యేమని నా పాఠకులు గాని శంకింపవచ్చును. ఇరువురకును సమాధాన మొక్కటియే. మా దేశమునకు ఈ యాటను మోసికొని వచ్చినవారిలో తమ దేశపు సిపాయిలు ముఖ్యులు. 1888లో సిమ్లా కొండలపై మొట్టమొదటి డ్యూరాండు కప్పు పోటీ జరిగినపుడు, తుదియాటలో తలపడిన రెండు జట్లును, అనగా రాయల్ స్కాట్స్ ఫ్యూసిలియర్లును హైలండ్ లైట్ ఇన్‌ఫెంట్రీయును, స్కాట్లండు పటాలములే. ఆ కప్పునే 1950లో మా హైదరాబాదు నగర పోలీసు జట్టు గెలుచుకొన్నది. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలోనే భారతజట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానమును, 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణపతకమును పొందినది. 1950 మొదలు 1954 వఱకు వరుసగా ఐదేండ్లు బొంబాయి రోవర్స్ కప్పును మఱియెవ్వరికిని చిక్కనీయని యా జట్టు పేరు, నేడు హైదరాబాదు వీధులలో ఎందఱికి తెలిసియుండునో నాకు సందేహమే. ప్రేక్షకుల సొత్తు గాక ఒక ప్రభుత్వశాఖ సొత్తుగా నుండిన జట్టు, ఆ శాఖ శ్రద్ధ తగ్గిననాడు తానును తగ్గిపోయినది. ప్రజలు ప్రేమించునది ప్రజల చేతిలో లేకుండుట యెట్టిదో యెఱిగిన నగరమునుండి వచ్చినవాడను గనుకనే, తమ నగరమున ఆ సంగతి నా కంటబడినది.

తమ సంఘపు జన్మవృత్తాంతమును తమకు జెప్పుట సాహసమే. అయినను నా పాఠకులకొఱకు రెండు మాటలు చెప్పవలసియున్నది. 1872 నవంబరు 30న పార్టిక్ పేటలోని హ్యామిల్టన్ క్రెసెంట్ క్రికెట్ మైదానమున స్కాట్లండు ఇంగ్లండుల నడుమ ప్రపంచమునందలి మొదటి అంతర్జాతీయ ఫుట్‌బాల్ పోటీ జరిగి, ఇరుపక్షములకును ఒక్క గోలైనను లేక ముగిసినది. స్కాట్లండు పక్షమున ఆడిన పదునొకండుగురును క్వీన్స్ పార్క్ క్లబ్బువారే. ఆ యాట రేపిన యుత్సాహముతో థర్డ్ లానార్క్‌షైర్ రైఫిల్ వాలంటీర్ల దళమువారు పండ్రెండు దినములలో, డిసెంబరు 12న, తమకొక క్లబ్బును నెలకొల్పుకొనిరి. మఱుసటి యేడు మార్చి 13న గ్లాస్గోలో బ్రిడ్జ్ స్ట్రీటునందలి యొక హోటలులో ఏడు క్లబ్బుల ప్రతినిధులు కూడగా, ఎనిమిదవదియగు కిల్మార్నాక్ తన సమ్మతిని ఉత్తరముద్వారా తెలుపగా, తమ సంఘము అవతరించినది. క్వీన్స్ పార్క్, క్లైడ్స్‌డేల్, వేల్ ఆఫ్ లీవెన్, డంబ్రెక్, థర్డ్ లానార్క్, ఈస్టర్న్, గ్రాన్‌విల్, కిల్మార్నాక్ అను నీ యెనిమిదింటిలో నేటివఱకు నిలిచియున్నవి క్వీన్స్ పార్కును, ఉత్తరము వ్రాసి యూరకున్న కిల్మార్నాకును మాత్రమే. తక్కినవానిలో పెక్కింటిని గూర్చి నేను దుఃఖింపను; ఉత్సాహమున పుట్టి, ఉత్సాహము తీరగనే పోవుట ఆటకూటములకు సహజమైన గతి. థర్డ్ లానార్క్ మరణము మాత్రము అట్టిది కాదు.

1889లో స్కాటిష్ కప్పు తుదియాట మంచులో జరిగి, గెలిచియు ఆ గెలుపు చెల్లదనిపించుకొని, వారము గడచిన పిమ్మట మరల ఆడి సెల్టిక్‌ను 2–1 తో ఓడించిన క్లబ్బది. ఆ తుదియాట జరిగిన రెండవ హాంప్‌డెన్ మైదానమే 1903లో క్వీన్స్ పార్క్‌వారు క్రొత్తదానికి తరలిపోవుటచే వీరి చేతికి వచ్చి, క్యాత్‌కిన్ పార్కైనది. అచట అడుగిడిన 1903–04 సంవత్సరముననే లీగు విజేతలైరి. తరువాతి యేడు రేంజర్సును ఓడించి రెండవమాఱు కప్పును గెలిచిరి. 1923లో సముద్రములు దాటి అర్జెంటీనాలో ఆడివచ్చిరి. 1954లో రేంజర్స్ వచ్చిననాడు ఆ మెట్లపై నలుబదియైదువేలకు పైబడిన జనము నిలిచిరి. 1960–61 లీగులో ముప్పదినాలుగు ఆటలలో సరిగా నూరు గోల్సు చేసి మూడవ స్థానమున నిలిచిరి. అట్టి క్లబ్బు మఱి యాఱేండ్లకే అంతరించినదన్నచో, ఆట చేతగాక అంతరించినదని యెవరందురు? దానిని చంపినది నిర్వాహకుల యక్రమనిర్వహణము. జనము నిలిచిన నేల జనముకంటె విలువైనదన్న లెక్క. ప్రభుత్వ వ్యాపారశాఖవారి విచారణయే ఆ నిర్వాహకమును కఠినముగా గర్హించినది. 1967 ఏప్రిల్ 25న క్యాత్‌కినులో క్వీన్ ఆఫ్ ది సౌత్ జట్టుతో ఆడిన చివరి యాట 3–3 గా ముగిసినది; చూడవచ్చినవారు 325 మంది. మూడునాళ్లకు, ఏప్రిల్ 28న, డంబార్టన్‌వారి బాగ్‌హెడ్ మైదానమున 5–1 తో ఓడిరి. అదియే కడపటి యాట. ఆ వేసవిలోనే న్యాయస్థానముద్వారా క్లబ్బు లెక్కలు మూయబడినవి. ఆ నేలను అమ్మినచో అచట లేచునని నిర్వాహకులు లెక్కవేసికొన్న భవనములు మాత్రము నేటికిని లేవలేదు.

ఆ వసంతమును గూర్చి తమ దేశమున నేటికిని కథలు చెప్పుకొందురు. అయితే థర్డ్ లానార్క్ నిమిత్తము కాదు. ఆ ఏప్రిల్ 15న వెంబ్లీలో స్కాట్లండు జట్టు ప్రపంచవిజేతయగు ఇంగ్లండును 3–2 తో ఓడించినది. మే 25న లిస్బనులో సెల్టిక్ ఇంటర్ మిలానును 2–1 తో జయించి, యూరపియన్ కప్పును మొట్టమొదటిసారిగా బ్రిటనుకు తెచ్చినది. ఆనాడు ఆడిన పదునొకండుగురును గ్లాస్గో చుట్టుప్రక్కల ముప్పదిమైళ్లలోపల పుట్టినవారే. మే 31న రేంజర్స్ న్యూరెంబర్గులో మఱియొక యూరపుకప్పు తుదియాట ఆడినది. కిల్మార్నాక్ ఫెయిర్స్ కప్పు అను వేఱొక యూరపుపోటీలో సెమీఫైనలు చేరినది. స్కాట్లండు ఫుట్‌బాలున కంతటి వైభవము అంతకుమున్ను లేదు, తరువాతను లేదు. ఆ వైభవపు నడిమధ్యముననే స్థాపకక్లబ్బొకటి దిక్కులేక పోయినది. కావున, ఆదరణ తగ్గుటచేతనే చిన్న క్లబ్బులు క్షీణించుచున్నవను వాదము విన్నప్పుడెల్ల నాకు 1967 జ్ఞప్తికి వచ్చును. ఆటకు ఆదరణ శిఖరము నందియున్నపుడే ఈ హత్య జరిగినది, ఎవరును అడ్డురాలేదు, అడ్డువచ్చుటకు తగిన నియమమును లేదు.

చివరినాడు వచ్చిన యా 325 మంది యెవరు? వారి తండ్రులనాటి శనివారమును ఊహించుకొన్నగాని వారు అర్థముకారు. క్లైడునది యొడ్డున నౌకానిర్మాణశాలలందును, ఇంజను కర్మాగారములందును పాటుపడువారికి శనివారము మధ్యాహ్నపు సెలవు దొరకిన పిమ్మటనే ఈ యాట ప్రజలయాట యైనది. పండ్రెండుగంటలకు పని విడిచి, కొందఱు పనిబట్టలతోనే, మూడుగంటలవేళకు మైదానము చేరెడివారు. చేత కాసులేని పిల్లలు ప్రవేశద్వారమువద్ద నిలిచి, తమ్మెత్తుమని వచ్చిపోవువారిని వేడుకొనెడివారు. ముక్కు మొగము ఎఱుగని పెద్దమనిషి యెవడో ఆ పిల్లవానిని చంకలక్రింద చేతులువేసి యెత్తి, తిరుగుడు గేటుకు ఆవలివైపున దింపెడివాడు. టిక్కెట్టు తీసికొను ఉద్యోగి చూచియు చూడనట్లుండెడివాడు. నేటి వృద్ధాభిమానులను కదిలించినచో, తాము చూచిన మొదటియాటలోని గోల్సు మఱచిపోయియుందురు గాని, తమ్మెత్తి దింపినవాని కోటు వాసనవఱకు చెప్పుదురు. విశ్రాంతివేళ మాంసము కూరిన రొట్టెయు, వేడి బోవ్రిలును ఆనాడును ఉండెను, ఈనాడును ఉన్నవి. బోవ్రిల్ అనగా గొడ్డుమాంసపు సారమును మరుగునీట కలిపిన పానీయము. మా యింటివారికి దాని సంగతి నేను చెప్పలేదు.

నేడు చిన్న క్లబ్బుల మైదానములకు పోవువారు విజయదాహముతో పోవుచున్నారని ఎవరును అనజాలరు. 1985లో అబర్డీన్ విజేతయైన పిమ్మట నలుబదియేండ్లపాటు, ప్రతి సంవత్సరమును, లీగు కిరీటము సెల్టిక్, రేంజర్స్ అను రెండు మహాక్లబ్బులలో నొకదానికే దక్కినది. అట్టి దేశమున ఆర్‌బ్రోత్‌లోనో, కౌడెన్‌బీత్‌లోనో, స్టెన్‌హౌస్‌మ్యూర్‌లోనో వాన గాలుల నడుమ నిలిచియుండువాని యుద్దేశ మేమి? ఆర్‌బ్రోత్‌వారి గేఫీల్డ్ మైదానము ఉత్తరసముద్రమునకు ఎంత చేరువయనగా, అల పోటుమీద నున్ననాడు ఉప్పునీటి తుంపురులు గోడ దాటి ప్రేక్షకుల మొగములపై పడును. ఆ క్లబ్బు 1885 సెప్టెంబరు 12న బాన్ అకార్డ్ అను జట్టుపై 36–0 తో గెలిచినది. ఆ గెలుపును నేటికిని తలచుకొనుచునే యున్నారు. మఱి 2021–22లో, ఇతరోద్యోగములు చేసికొనుచు సాయంకాలములందు మాత్రమే సాధనచేయు ఆటగాండ్రతో ఆ క్లబ్బు రెండవ శ్రేణిలో రెండవ స్థానమువఱకు ప్రాకి, పైశ్రేణికి చేరుటకు కొద్దిలో తప్పినది. కొద్దిలో తప్పినదన్న మాటను ఆ ఊరివారు దుఃఖముతో గాక, ఒకవిధమైన గర్వముతో చెప్పుదురు. గెలుపు వలదని కాదు. గెలుపు రానినాడును శనివారము రాక మానదు గదా యని వారి భావము.

గ్లాస్గోకు క్రొత్తగా వచ్చినవారిని, విశేషించి విశ్వవిద్యాలయములకు ఏటేట వచ్చు మా తెలుగు విద్యార్థులను, మొదటివారములోనే ఎవరో యొకరు అడుగు ప్రశ్న యొకటి గలదు: ఆకుపచ్చయా, నీలమా? ఐర్లండునుండి వలసవచ్చిన కాథలికుల క్లబ్బుగా పుట్టినది ఆకుపచ్చ దుస్తుల సెల్టిక్; ప్రొటెస్టంటుల యభిమానము చూఱగొన్నది నీలి దుస్తుల రేంజర్స్; ప్రశ్న ఆటను గూర్చినదిగా కనబడినను మతమును, కులగోత్రములను అడిగినట్లే యగును. చిక్కునుండి తప్పించుకొన దలచినవారు పార్టిక్ థిసిల్ అని బదులుచెప్పుట ఈ నగరమున చిరకాలపు ఉపాయము. పేరు పార్టిక్ అయినను, 1909 నుండి మేరీహిల్ పేటలోని ఫర్‌హిల్‌లో ఆడుచున్న యీ క్లబ్బు 1971 అక్టోబరు 23న లీగ్ కప్పు తుదియాటలో సెల్టిక్‌ను 4–1 తో ఓడించినది. తప్పించుకొనుటకై ఆ పేరు చెప్పిన మా కుఱ్ఱవాండ్రలో కొందఱు, చెప్పిన మాట నిలుపుకొనుటకై యొకనాడు ఫర్‌హిల్‌కు పోయి, అటుపై మానలేకపోయిరి. పరాయివాడు ఒక ఊరివాడగుటకు ఇంతకంటె సులభమైన దారి నేను చూడలేదు. ఈ విషయమున తమ సంఘపు పూర్వచరిత్ర నిష్కళంకము కాదు: 1875లో ఎడింబరోలోని ఐరిష్ వలసకుటుంబముల పిల్లలు హైబర్నియన్ క్లబ్బును స్థాపించుకొన్నపుడు, ఇది స్కాట్లండువారి సంఘమని చెప్పి మొదట చేర్చుకొనలేదు. మఱి యాఱేండ్లకే, 1881లో, డెమెరారాలో పుట్టిన నల్లజాతివాడగు ఆండ్రూ వాట్సన్ స్కాట్లండు జట్టుకు నాయకుడై లండనులో ఇంగ్లండును 6–1 తో ఓడించుటయు తమ చరిత్రలోనే కలదు. 1936లో కలకత్తానుండి వచ్చిన మహమ్మద్ సలీం, బూట్లు తొడుగక, పాదములకు కట్లు చుట్టుకొని, సెల్టిక్ పక్షమున ఆడి గ్లాస్గోవారిని అబ్బురపఱచెను. ఈ మూడింటిలో దేనిని గుర్తుంచుకొనదగునో చెప్పనక్కఱలేదు.

రెండు మహాక్లబ్బుల ప్రస్తావన వచ్చినది గనుక ప్రాసంగికముగా ఒక మాట. 1980లో హాంప్‌డెనున కప్పు తుదియాట ముగియగనే ఆ యిరుపక్షముల యభిమానులు మైదానముపైబడి కొట్టుకొనిరి. దానిపై వచ్చిన శాసనము దేశమునందలి ఆటస్థలములందు మద్యమును నిషేధించినది. కలహము వేలకొలది జనములు గల వారిది. శిక్ష మూడువందలమంది కూడు మైదానమునందు ఎవరిజోలికిని పోని ముసలివారికి గూడ. నేను త్రాగువాడను గాను. అయినను పెద్దల తప్పునకు పిన్నలు దండుగ చెల్లించు పద్ధతి తమ యాటలో ఎన్నివిధముల నున్నదో చూపుటకు ఇదియొక నిదర్శనము.

ఇక మదర్‌వెల్ సంగతి. ఆ పట్టణమును పోషించిన రేవెన్స్‌క్రెయిగ్ ఉక్కుకర్మాగారము 1992లో మూతపడినది. అంతకు మున్నటి యేడే మదర్‌వెల్ క్లబ్బు డండీ యునైటెడ్‌ను 4–3 తో ఓడించి స్కాటిష్ కప్పును గెలిచియుండెను. కొలుములు చల్లారినవి; శీతలీకరణ గోపురములు కూలగొట్టబడినవి; ఆ ఉక్కు జ్ఞాపకమును పట్టణమున నేటికిని నిలుపుచున్నది, ఆ క్లబ్బును 'ఉక్కువారు' అని పిలుచుకొను పిలుపు. పనిపోయినవారి కుమారులు, ఎన్నడును ఉక్కు ముట్టనివారు, నేటికిని ఆ పేరుతోనే కేకలువేయుచున్నారు. ఫైఫ్ గనుల నడుమనున్న కౌడెన్‌బీత్‌లో బొగ్గు త్రవ్వువాడు నేడొక్కడును లేడు, క్లబ్బు ఉన్నది. పరిశ్రమ పోయిన ఊరిలో, ఆ పరిశ్రమకు పుట్టిన మనుషులు వారమున కొకసారి యొకచోట నిలుచుటకు మిగిలిన స్థలము బంతియాట మైదానమే. ఇట్టి స్థలమును కంపెనీ లెక్కల పుస్తకములో 'స్థిరాస్తి' అను శీర్షికక్రింద ఒక అంకెగా వ్రాయుట చట్టమునకు సమ్మతమే కావచ్చును. అది సత్యములో సగపాలైనను కాదు.

అభిమానులు ప్రేక్షకులు మాత్రమే, నిర్వాహకమునకు తగరు అను మాట నాకు తరచు వినబడుచుండును. గడచిన ముప్పదియైదేండ్ల చరిత్ర దానిని కాదనుచున్నది. 1990లో ప్రత్యర్థియగు హార్ట్స్ క్లబ్బు అధ్యక్షుడు హైబర్నియన్‌ను కొని తనలో కలుపుకొన జూచినపుడు, ఆ క్లబ్బును నిలిపినది వీధులకెక్కిన యభిమానులే. ఆ హార్ట్సే 2013లో దివాలాస్థితికి చేరగా, నెలనెల తలకు కొంత చందా వేసికొని కాపాడినవారు దాని యభిమానులు. వేలకొలది చందాదారులు గల ఆ యభిమానుల సంస్థ 2021లో క్లబ్బునందు అధికసంఖ్యాకములగు వాటాలకు యజమాని యైనది. 1914 నవంబరులో తమ ఆటగాండ్రు యుద్ధమునకు పేరిచ్చిరని వినినంతనే వందలకొలది యభిమానులు అదే పటాలమున చేరిన క్లబ్బునకు ఇది వింతయు కాదు. స్టెర్లింగ్ ఆల్బియన్‌ను 2010లో అభిమానులే కొనిరి. మదర్‌వెల్ 2016లో, సెయింట్ మిరెన్ 2021లో అభిమానుల పరమైనవి. 2012లో రేంజర్సును నడుపు కంపెనీ కుప్పకూలినపుడు, ఆ జట్టును పైశ్రేణులలో ఉంచనిచో దేశమున ఫుట్‌బాలే నశించునని పెద్దలు భయపెట్టిరి; సీజను టిక్కెట్లు కొనమని అభిమానులు పట్టుపట్టగా, ముప్పది లీగు క్లబ్బులలో ఇరువదియైదు క్లబ్బులు అట్టడుగు శ్రేణిలోనే ప్రవేశపెట్టవలెనని ఓటుచేసినవి. ప్రళయ మేమియు రాలేదు. ఎల్గిన్‌లోను, పీటర్‌హెడ్‌లోను రేంజర్స్ ఆడుట చూచినవారు దానిని మనుమలకు చెప్పుకొందురు.

అయితే అభిమానులు చేయలేని పని యొకటి కలదు. నా విన్నపమంతయు దానిని గూర్చియే. క్లబ్బు చచ్చినను వారు మరల పుట్టింపగలరు. 2002లో ఎయిర్‌డ్రియోనియన్స్ అంతరించినది; మఱియొక రూపమున లేచి, 2013లో తన పాత పేరును తిరిగి పొందినది. ఒక ధనికుని యౌదార్యముపై ఎగసి 2006లో స్కాటిష్ కప్పు తుదియాటవఱకు చేరిన గ్రెట్నా, ఆయన జబ్బుపడగనే 2008లో కూలినది. ఆ యేడే అభిమానులు క్రొత్త క్లబ్బును నిలిపిరి. పేరు దొరకును, రంగులు దొరకును, ఆటగాండ్రు దొరకుదురు. నేల దొరకదు. క్లైడ్‌బ్యాంక్ క్లబ్బు 1996లో తన కిల్‌బోయీ మైదానమును పోగొట్టుకొని, ఇతరుల మైదానములలో ఆఱేండ్లు తలదాచుకొని, 2002లో కన్నుమూసినది. అభిమానులు మఱుసటి యేడు దానిని పునరుద్ధరించిరి, కాని కిల్‌బోయీని పునరుద్ధరింప లేకపోయిరి. ఇంకను విచిత్రమైనది క్లైడ్ కథ. 1935లో తన షాఫీల్డ్ మైదానమును కుక్కపందెముల కంపెనీకి అమ్మి, అందులోనే అద్దెకుండి, 1986లో ఖాళీచేయవలసివచ్చి, ఫర్‌హిల్‌కు, హ్యామిల్టనుకు, కంబర్నాల్డ్‌కు, 2022లో మరల హ్యామిల్టనుకు తిరుగుచున్నది. తాతలు చేసిన యొక విక్రయమునకు మునిమనుమలు బస్సెక్కి అద్దెయింటికి పోవుచున్నారు. థర్డ్ లానార్క్ కడపటి యాట ఆడిన బాగ్‌హెడ్‌ను సయితము డంబార్టన్‌వారు 2000లో విడిచిరి, నేడచట ఇండ్లున్నవి.

ఇంగ్లండునందు 2025లో పార్లమెంటు చేసిన ఫుట్‌బాల్ పాలనచట్టము స్వతంత్ర నియంత్రణసంస్థనొకదానిని ఏర్పఱచి, మైదానమును అమ్ముటకు దాని యనుమతి కావలెననియు, క్లబ్బు చిహ్నమును, రంగులను మార్చుటకు అభిమానుల మద్దతు వలయుననియు విధించినది. ఆ చట్టము తమ దేశమునకు వర్తింపదు. వర్తింపకుండుట ఒకవిధముగా మేలే. చట్టము రాకమునుపే స్వచ్ఛందముగా చేయు నవకాశము తమ సంఘమునకు మిగిలియున్నది. క్లబ్బులకు లైసెన్సు నిచ్చునది తమరే. దీపస్తంభముల వెలుగెంత యుండవలెనో, బట్టలు మార్చుకొను గది యెంత యుండవలెనో పరీక్షించువారు, ఆ మైదానము వచ్చు సంవత్సరము అచటనే యుండునా యని గూడ పరీక్షింపవచ్చును. నేను కోరునది ఇంతే: ఏ క్లబ్బైనను తన మైదానమును అమ్ముటకు గాని, తాకట్టు పెట్టుటకు గాని, క్లబ్బునుండి వేఱుచేసి మఱియొక కంపెనీకి బదలాయించుటకు గాని పూనుకొన్నచో, సీజను టిక్కెట్టుదారుల యోటింగును, ప్రత్యామ్నాయ మైదానము సిద్ధముగా నున్నదన్న రుజువును లేనిదే తమ సంఘము లైసెన్సును కొనసాగింపరాదు.

దీనికి వచ్చు ఆక్షేపణ తెలిసినదే. మైదానము అమ్ముట ఎల్లప్పుడును ద్రోహము కాదు. సెయింట్ జాన్‌స్టన్ పెర్త్‌లోని పాత మైదానమును సూపర్‌మార్కెట్టునకు అమ్మి, ఒక రైతు ఇచ్చిన భూమిపై 1989లో క్రొత్తదానిని కట్టుకొని బాగుపడినది. సెయింట్ మిరెనును తన లవ్ స్ట్రీటు మైదానమును అమ్మి అప్పులు తీర్చి, 2009లో క్రొత్త యింట చేరినది. నిజమే. ఆ రెండుచోట్లను క్రొత్త మైదానము కన్నులయెదుట కనబడుచుండగా పాతది విడువబడినది. అట్టి ప్రతిపాదనను అభిమానులయెదుట పెట్టుటకు నిర్వాహకులు జంకవలసిన పని లేదు. జంకువారిని గూర్చియే ఈ నియమము. యజమాని హక్కునకు భంగమందురా, నూఱేండ్లుగా టిక్కెట్టు సొమ్ముతో ఆ మెట్లు కట్టించినవారి హక్కునకు ఏ దస్తావేజును లేకుండుట మాత్రము భంగము కాదా యని అడుగుచున్నాను.

క్వీన్స్ పార్క్ సంగతియు తమకు విదితమే. ఆటకొఱకే ఆట యను వ్రతమును 1867 నుండి 2019 వఱకు పాటించి, జీతమీయకయే ఆటగాండ్రను నిలుపుకొన్న యా క్లబ్బు, హాంప్‌డెన్‌ను తమ సంఘమునకే యైదు మిలియను పౌన్లకు అమ్మినది; 2020లో తమరు యజమానులైరి. 1937లో స్కాట్లండు ఇంగ్లండుల పోటీకి 149,415 మందిని నిలుపుకొన్న మైదానమది. అమ్మినను ఆ క్లబ్బునకు ప్రక్కనే చిన్న మైదానము మిగిలినది; కనుకనే నిలిచినది; నిలిచి, 2025 ఫిబ్రవరిలో ఐబ్రాక్స్‌కు పోయి రేంజర్సును 1–0 తో స్కాటిష్ కప్పునుండి వెడలగొట్టినది. స్థాపకులలో మిగిలిన యిరువురిలో ఒకరి యింటిని కొన్న సంఘము, ఇతరుల యిండ్లు ఎట్లు అమ్ముడుపోవుచున్నవో పట్టించుకొనకుండుట తగునా?

తమ సర్వసభ్యసమావేశము వేసవిలో జరుగును. అంతకుమున్ను ఒక శనివారము, డైరెక్టర్ల ఆసనమునకు ఆహ్వానము నంగీకరింపక, నాలుగవ శ్రేణి మైదానమొకదానికి పోయి, గేటువద్ద టిక్కెట్టు కొని, తొంబది నిమిషములు మెట్లపై నిలిచి చూడుడు. ప్రక్కనున్నవారిని ఈ నియమమును గూర్చి అడుగుడు. వారు ఔనన్నచో ఆ సమావేశమున దానిని ప్రతిపాదింపుడు. ప్రతిపాదించి ఓడిపోయినను సరే. ఏ యే క్లబ్బులు దానికి వ్యతిరేకముగా చేయెత్తినవో ప్రకటింపుడు. తక్కినపని ఆయా క్లబ్బుల యభిమానులు చూచుకొందురు.

భవదీయుడు,
గ్లాస్గో దక్షిణభాగమున నివసించు ఒక తెలుగు అభిమాని